చిందు కాలికి ఎలా వస్తుంది?

చిందు భాగవతంలో పాత్రధారి ముఖం కనబడకముందే అతని రాక తెలిసిపోతుంది. ముందుగా వచ్చేది గజ్జెల చప్పుడు. మద్దెల దెబ్బ, తాళం, గజ్జె – ఈ మూడూ ఒకే క్షణంలో కలిసి పడినప్పుడు వెనుక వరుసలో గొంగడి కప్పుకొని కూర్చున్న వృద్ధుడు కూడ తల ఊపుతాడు. అవి రవ్వంత ఎడమైతే, తప్పు ఎక్కడ ఉన్నదో చెప్పలేకపోయినా, ఏదో తప్పిందని పసివాడికి సైతం తెలుస్తుంది. ఈ రవ్వంత అనేది సెకనులో పదవ వంతుకు మించదు. ఇంత స్వల్పకాలాన్ని అర్ధ క్వింటాలు బరువున్న మనిషి దేహం ఎలా పాటించగలుగుతున్నది? ఆ శక్తి పుట్టుకతో వచ్చేదా, నేర్చుకుంటే వచ్చేదా? నేర్చుకునేదే అయితే అందులో ఏది ముందు, ఏది వెనుక?

చిందు అంటే గంతు. ‘చిందులు వేయడం’, ‘చిందులు తొక్కడం’ అనే మాటలు మన నిత్యవ్యవహారంలో ఉన్నవే. కాకతీయ గణపతిదేవుని గజసేనాని అయిన జాయప 1253–54 ప్రాంతంలో ‘నృత్తరత్నావళి’ని సంస్కృతంలో రచించినాడు. ఎనిమిది అధ్యాయాల ఆ గ్రంథంలో మొదటి నాలుగు మార్గ పద్ధతికి, చివరి నాలుగు దేశి పద్ధతికి కేటాయించబడినవి. ఆయన పేర్కొన్న దేశి నృత్తాలలో పేరణి, కోలాటములతోపాటు చిందు కూడ ఉన్నది. ఏనుగుల దళాన్ని నడిపిన సేనాని పాదాల కదలికను ఇంత శ్రద్ధగా గమనించడం విశేషమే.

ఈ చిందు పేరుతోనే జీవిస్తున్న కళాకారుల కుటుంబాలు తెలంగాణలో ఉన్నవి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి ప్రత్యేక జిల్లా కావడానికి పూర్వం కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలు నిజామాబాదు జిల్లాలోనివి. ఆ పాత జిల్లా అంతా చిందు మేళాలు తిరిగిన నేల. ఎల్లారెడ్డి నుండి బాన్సువాడ మీదుగా బోధనుకు వెళితే ఆ మండలంలోనే అమ్‌దాపూర్ గ్రామం వస్తుంది. 2005లో మరణించిన ప్రసిద్ధ కళాకారిణి చిందుల ఎల్లమ్మ ఊరు అది. ఆమె బాల్యంలోనే గజ్జె కట్టి, వృద్ధాప్యం వరకు ఆడింది. చిందు కళాకారులు మాదిగవారిని ఆశ్రయించి జాంబపురాణం చెబుతారు, ఎల్లమ్మ వేషం కడతారు, యక్షగానాలు ఆడుతారు. అంటరానితనం రాజ్యమేలిన కాలంలో వారికి నాటకశాల ఎవరు కట్టి ఇస్తారు? ఊరి నేలనే రంగస్థలం చేసుకున్నారు.

ఈ కుటుంబాలలో పిల్లలకు నాట్యపాఠశాల అంటూ వేరే ఒకటి ఉండదు, మేళమే పాఠశాల. బిడ్డ తల్లి ఒడిలోనే తాళం వింటుంది. నడక వచ్చిన తరువాత పెద్దల అడుగులను చూసి ఇంటిముందర తానూ అడుగు వేస్తుంది. వంతపాటవారి ప్రక్కన నిలబడుతుంది. తరువాత బాలకృష్ణుడు, లోహితాస్యుడు వంటి చిన్న వేషాలు వస్తవి. పెద్ద కిరీటం తలకెక్కేసరికి పాదాలకు ఏండ్ల అనుభవం ఉంటుంది.

దీనికి ప్రక్కగా కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో ఒక ఉన్నత పాఠశాల వార్షికోత్సవాన్ని ఊహించుకుందాం. ఉత్సవం పదిహేను రోజులున్నదనగా ఒక పాటను ఎన్నుకుంటారు. మొదట చేతులు ఎట్లా త్రిప్పాలో, ముఖం ఎట్లా పెట్టాలో నేర్పుతారు. తరువాత దుస్తుల సంగతి. ‘కాళ్లదేముంది, అవే వస్తవి’ అంటారు. ఆఖరి రోజున గజ్జెలు కడతారు. అప్పుడు పదిమంది పిల్లల గజ్జెలు పది క్షణాలలో మ్రోగుతవి. ఒకరిద్దరికి చీలమండ బెణుకుతుంది. పిల్లలకు ప్రతిభ లేదని పెద్దలు నిట్టూరుస్తారు. ప్రతిభ మాట అటుంచి, నేర్పిన వరుస తలక్రిందులైనదన్న సంగతిని ఎవరూ గమనించరు.

ఇది తలక్రిందుల వరుస అనడానికి చక్కని ఆధారమున్నది. 1967లో మాస్కోలో బెలెంకీ, గుర్ఫింకెల్, పాల్‌త్సెవ్ అనే శాస్త్రజ్ఞులు నిలబడి ఉన్న మనుషుల కండరాలకు విద్యుత్ కొలమానాలు అమర్చి, చేతిని ముందుకు ఎత్తమన్నారు. భుజం కండరంలో కదలిక మొదలు కావడానికి కొద్ది క్షణాంశాల ముందే కాలి కండరాలు పని ప్రారంభించినవి! చేయి ముందుకు పోతే దేహం ముందుకు తూలుతుంది. ఆ తూలుడును సరిదిద్దే ఏర్పాటును మెదడు ముందే చేసి, తరువాత చేతిని కదలనిస్తున్నది. అనగా ఒక హస్తాభినయం కంటికి కనబడేది చేతిలోనైనా, దాని ఆరంభం కాలిలో ఉన్నది. కాలికి ఆ పని రానప్పుడు చేయి ఎంత అందంగా నేర్చుకున్నా వణుకుతుంది.

నిలబడడమే ఒక విద్య అంటే విద్యార్థులు నవ్వవచ్చు. ఒక ప్రయోగం చేసి చూడండి. ఒంటికాలిమీద నిలబడి, ముప్పై లెక్కపెట్టండి. తరువాత కళ్లు మూసుకొని మళ్లీ లెక్కపెట్టండి. (ప్రక్కన ఒకరు పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి.) చాలమందికి పది రాకముందే రెండవ కాలు నేలకు దిగుతుంది. మనిషి గరిమనాభి ఎత్తులో సుమారు సగానికి కొంచెం పైన, బొడ్డు దాపున ఉంటుంది. అక్కడినుండి క్రిందికి వేలాడదీసిన తూకపు దారం పాదాలు ఆక్రమించిన వైశాల్యంలోపల పడినంతసేపు మనిషి నిలబడతాడు. రెండు పాదాలు ఎడంగా ఉన్నప్పుడు ఆ వైశాల్యం పెద్దది. ఒక పాదం ఎత్తగానే అది అరచేతి వెడల్పున్న ఒక పట్టీ అవుతుంది. కాబట్టి ఒక కాలు ఎత్తడానికి ముందే గరిమనాభిని రెండవ పాదంమీదికి జరపాలి. నేర్చినవాడు ముందు జరిపి, తరువాత ఎత్తుతాడు. నేర్వనివాడు ముందు ఎత్తి, తరువాత తూలుతాడు.

మోకాళ్లు కొద్దిగా వంచి, పాదాలు ఎడంగా ఉంచి ఆడడం మన నృత్యరీతులలో చాలావాటికి సామాన్య లక్షణం. కూచిపూడి నేర్చేవారు అరమండిలో నెలల తరబడి నిలబడతారు. ఇది అందం కోసం మాత్రమే అనుకోరాదు. మోకాలు వంగితే గరిమనాభి క్రిందికి దిగుతుంది; తూలడానికి అవకాశం తగ్గుతుంది; పైగా కాలు ఏ దిక్కుకైనా తక్షణం బయలుదేరగలదు. నిటారుగా బిగుసుకున్న కాలు బయలుదేరాలంటే మొదట వంగాలి, ఆ వంగడానికి కాలం పడుతుంది. ఇక కిరీటం సంగతి. చిందు వేషాలలో తేలిక కర్రతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు ధరిస్తారు. కర్ర తేలికదే అయినా ఉన్న చోటు ఎత్తైనది. 50 కిలోల పాత్రధారి తలపై 2 కిలోల కిరీటం పెడితే మొత్తం గరిమనాభి సుమారు 3 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. ఇది చిన్న సంఖ్యే. అయినా ఏండ్ల తరబడి కిరీటం లేకుండా నేర్చిన లెక్క అంతా ఆ 3 సెంటీమీటర్లకు సవరించవలసి వస్తుంది. అందుకే వేషం కట్టి చూసుకోవడాన్ని ఆఖరి రాత్రికి వదలరాదు.

ఇప్పుడు తాళం దగ్గరకు వద్దాం. ఒక స్కేలుబద్దను ఒకరు నిలువుగా పట్టుకొని, చెప్పకుండా వదిలితే, మరొకరు దానిని వేళ్లతో పట్టుకోవాలి. సామాన్యంగా అది 20 సెంటీమీటర్ల వరకు జారిపోయిన తరువాత దొరుకుతుంది. గురుత్వ త్వరణం తెలిసినందున కాలాన్ని లెక్కకట్టవచ్చు: సెకనులో అయిదవ వంతు. కంటితో చూసి కండరం కదలడానికి పట్టే సమయం ఇది. చెవితో వినడం దీనికంటె కొంత త్వరితం. అయినా సెకనులో ఏడవ వంతు దాకా పట్టక తప్పదు. ఇక పాదం మెదడుకు చేతికంటె దూరం. తొడను, మోకాలును కదిల్చి పాదాన్ని నేలకు దించడానికి మరికొంత కాలం కావాలి. అందుచేత మద్దెల దెబ్బ విని, ఆ తరువాత అడుగు వేయదలచినవాడు ఎంత చురుకైనవాడైనా ఆలస్యంగానే వేస్తాడు. అది అతని తప్పు కాదు, నాడుల తప్పు. ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెతలోని మనిషి నిజంగా మద్దెలను వింటూ ఉండి ఉంటాడు. అతని చిక్కంతా అదే.

మరి నేర్చినవారు ఏమి చేస్తున్నారు? వారు వినబోయే దెబ్బను ముందే ఊహిస్తారు. గడచిన దెబ్బల మధ్య ఎడం ఎంతో మెదడు కొలిచి పెట్టుకొని, రాబోయే దెబ్బకు తగినట్లు ముందుగానే కాలికి ఆజ్ఞ పంపుతుంది. ప్రయోగశాలలో గడియారపు టిక్కుటిక్కులతో కలిపి వ్రేలితో తట్టమంటే, చాలమంది టిక్కుకంటె కొద్దిగా ముందే తడుతారు. తాము ముందు తట్టినట్లు వారికి తెలియదు; సరిగ్గా కలిసిందనే అనుకుంటారు. పాదంతో తట్టమంటే చేతికంటె ఇంకొంచెం ముందు తడుతారు. పాదం తాకిన వార్త మెదడుకు చేరడానికి ఎక్కువ కాలం పడుతుంది కాబట్టి, తాకిడి వార్తను, శబ్దవార్తను మెదడులో ఒకేసారి కలపడానికి పాదం ముందు బయలుదేరుతున్నదని దీనికి చెప్పే కారణాలలో ఒకటి. సంగీతం అభ్యసించినవారిలో ఈ తొందర తక్కువ.

ఇక్కడ గజ్జెల ప్రయోజనం బయటపడుతుంది. పాదం ఎప్పుడు నేలను తాకిందో ఆడేవాడు తన స్పర్శతో తెలుసుకుంటే కొంత పొరపాటుకు తావున్నది. గజ్జె మ్రోగితే అదే వార్త చెవిద్వారా కూడ వస్తుంది. మద్దెలా చెవిలోనే, గజ్జే చెవిలోనే. రెండు శబ్దాల ఎడాన్ని గుర్తించడంలో చెవి మిగిలిన ఇంద్రియాలకంటె సూక్ష్మమైనది. తాళంలో పడిన అడుగు ఒక్క శబ్దంగా వినబడుతుంది. తప్పిన అడుగు రెండు శబ్దాలుగా చీలుతుంది. గురువు నోరు విప్పనవసరం లేదు. ప్రతి అడుగుకు, ఆ క్షణాననే తప్పొప్పులు చెప్పే సాధనం కాలికే కట్టి ఉన్నది. గజ్జెను అలంకారంగా భావించి ఆఖరి రోజున కట్టడమంటే, పరీక్ష అయిపోయే దినాన పలక చేతికివ్వడమే.

తాళాల గణితంలో ఒక చమత్కారమున్నది, దానిని ఇక్కడ చెప్పుకొనడం బాగుంటుంది. ఆదితాళంలో ఎనిమిది మాత్రలు. మాత్రకొక అడుగు చొప్పున కుడి, ఎడమ మార్చి మార్చి వేస్తే ప్రతి ఆవర్తం మళ్లీ కుడికాలితోనే మొదలవుతుంది. యక్షగానాలలో తరచుగా వచ్చే త్రిపుటలో ఏడు మాత్రలు. ఏడు బేసి సంఖ్య. మొదటి ఆవర్తం కుడికాలితో మొదలైతే రెండవది ఎడమకాలితో, మూడవది మళ్లీ కుడికాలితో మొదలవుతుంది. తాళం ఎత్తుగడలోని బలమైన అడుగు రెండు కాళ్లకూ వంతులవారీగా పడుతుంది. ఒకే కాలిని నమ్ముకొనే అలవాటు ఉన్న పిల్లలను త్రిపుటలో నడిపిస్తే ఆ లోపం రెండవ ఆవర్తంలోనే బయటపడుతుంది.

గంతు సంగతి మరింత ఆసక్తికరం. గంతు వేసిన మనిషి గాలిలో ఎంతసేపు ఉండాలన్నది అతని ఇష్టం కాదు. 20 సెంటీమీటర్లు ఎగిరినవాడు పైకి పోవడానికి 0.2 సెకను, దిగడానికి 0.2 సెకను, మొత్తం 0.4 సెకను గాలిలో ఉండవలసిందే. లావుపాటివాడైనా, సన్ననివాడైనా ఒకటే లెక్క. 10 సెంటీమీటర్లకు సుమారు 0.29 సెకను, 5 సెంటీమీటర్లకు 0.2 సెకను. మద్దెల నిమిషానికి 150 దెబ్బలు పడుతున్నదనుకోండి. దెబ్బకు దెబ్బకు మధ్య ఉన్నది 0.4 సెకను. ఆ వేగంలో ప్రతి దెబ్బకు 20 సెంటీమీటర్లు ఎగరబోతే కాలు నేలమీద నిలవడానికి క్షణం కూడ మిగలదు. నేలను నెట్టనిదే మళ్లీ ఎగరడం సాధ్యం కాదు గదా! కాలం సగం కావాలంటే ఎత్తు నాలుగోవంతుకు తగ్గాలి. కాబట్టి ద్రుతకాలంలో గంతు దానంతట చిన్నది కావలసిందే. మద్దెల వేగం హెచ్చుతున్నకొద్దీ ఉత్సాహంతో గంతు ఎత్తు కూడ పెంచేది కొత్తవారు. తాళం తప్పడానికి అదొక ముఖ్య కారణం. వేగం వచ్చినప్పుడు నేలకు దగ్గరగా ఆడాలన్న సంగతిని అనుభవజ్ఞుని కాలు ఏ సూత్రమూ చదవకుండానే తెలుసుకుంటుంది.

ఎగరడం సగం, దిగడం సగం. గాయాలన్నీ రెండవ సగంలోనే. 50 కిలోల మనిషి 20 సెంటీమీటర్ల ఎత్తునుండి దిగి, మోకాళ్లు బిగబట్టి 5 సెంటీమీటర్లలోనే ఆగిపోతే, ఆగేంతసేపు నేల అతని కాళ్లపై చూపే సగటు బలం అతని బరువుకు 5 రెట్లు. అనగా 250 కిలోల బరువుతో సమానం. చీలమండ, మోకాలు, తుంటి మూడూ వంచి, 20 సెంటీమీటర్ల మేర నెమ్మదిగా ఆగితే అదే బలం 2 రెట్లకు, అంటే 100 కిలోలకు తగ్గుతుంది. సగటే ఇంత, ఆ మధ్యలో ఒక్క క్షణం పాటు కలిగే అత్యధిక బలం ఇంకా ఎక్కువ. ఒంటికాలిపై దిగితే ఇదంతా ఒక్క కాలి వంతు. మట్టినేల కొంత లోబడుతుంది, సిమెంటు నేల లోబడదు. పూర్వం మేళాలు ఆడినది మట్టిపై. నేటి పాఠశాల వేదికలు చాలావరకు సిమెంటువి. వేదిక మారినప్పుడు దిగే విధంపై శ్రద్ధ రెట్టింపు కావాలి. దిగడం సరిగ్గా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ఉపాధ్యాయుడు కళ్లు మూసుకొన్నా చాలు. ధబ్బున వినబడితే కాలు బిగుసుకున్నది. మెత్తగా వినబడితే వంగినది. అయితే పాదతాడనం వేరు. అక్కడ చప్పుడు కావాలి. అరికాలు మొత్తం ఒకేసారి నేలకు తాకితే బలం ఎక్కువ వైశాల్యంపై పంచుకోబడుతుంది. మడమ ఒక్కదానితో కొడితే చిన్నచోట అంతా పడి ఎముక నొస్తుంది.

బెణికిన చీలమండ విషయంలో మరొక మాట. వాపు తగ్గగానే పిల్లవాణ్ణి మళ్లీ ఆడిస్తారు. కండరాలలో, కీళ్ల చుట్టూ ఉండే స్నాయువులలో అవయవం ఏ స్థితిలో ఉన్నదో మెదడుకు తెలిపే సూక్ష్మ గ్రాహకాలున్నవి. కళ్లు మూసుకొన్నా మన కాలు ఎక్కడున్నదో మనకు తెలిసేది వీటివల్లనే. బెణుకుతో ఈ జ్ఞానం కూడ దెబ్బతింటుంది. నొప్పి పోయినా అది పూర్తిగా తిరిగి రాకపోవచ్చు; అందుచేత ఒకసారి బెణికిన చీలమండ మళ్లీ బెణుకుతుంది. ఒంటికాలిపై నిలబడే అభ్యాసాన్ని కొన్ని వారాలు చేయిస్తే ఈ ప్రమాదం తగ్గుతుందని వైద్యపరిశోధనలలో తేలింది.

ఇదంతా నేర్చుకునే స్థానం ఏది? తల వెనుక భాగంలో, పెద్ద మెదడుకు క్రిందగా అనుమస్తిష్కం ఉన్నది. తూకంలో అది మెదడులో పదోవంతు మాత్రమే. కాని 2009లో ప్రచురితమైన ఒక లెక్క ప్రకారం మనిషి మెదడులో ఉన్న దాదాపు 8,600 కోట్ల నాడీకణాలలో 6,900 కోట్లు అక్కడే ఉన్నవి. అందులోని పర్కింజీ కణం ఒక్కొక్కదానికి లక్షకు పైగా సన్నని తంతువుల ద్వారా వార్తలు వస్తవి. తప్పు జరిగిందని తెలిపే వార్త మాత్రం వేరొక బలమైన తంతువు ద్వారా వస్తుంది. తప్పు వార్త వచ్చినప్పుడు, ఆ క్షణాన పనిచేస్తున్న సన్నని తంతువుల ప్రభావం కొద్దిగా సవరించబడుతుందని, ఈ సవరణే అభ్యాసానికి ఒక మూలమని డేవిడ్ మార్ 1969లోను, జేమ్స్ ఆల్బస్ 1971లోను ప్రతిపాదించిరి. మసావొ ఇటొ తరువాతి ప్రయోగాలు దీనికి బలమిచ్చినవి. ఈ చిత్రం పూర్తిగా ముగిసిందని చెప్పరాదు గాని, ఉపాధ్యాయునికి ఇందులో ఒక సూచన ఉన్నది. తప్పు వార్త తప్పు వెంటనే రావాలి. పాట మొత్తం ముగిసిన తరువాత ‘మూడో చరణంలో కాలు తప్పినావు’ అంటే మెదడుకు అది కథ మాత్రమే. గజ్జె అయితే అప్పుడే చెబుతుంది.

నేర్చుకునే మొదటి రోజులలో పిల్లలు కర్రవలె బిగుసుకుంటారు. దీనిని భయమని, సిగ్గని అంటారు. అది కొంతే నిజం. రష్యా శాస్త్రజ్ఞుడు నికొలాయ్ బెర్న్‌స్టైన్ దీనికి మంచి వివరణ ఇచ్చినాడు. మన దేహంలో కీళ్లు అనేకం. ఒక్కొక్కటి అనేక దిక్కులకు కదలగలదు. ఇన్నింటిని ఒకేసారి అదుపులో ఉంచడం కొత్తవాని మెదడుకు శక్యం కాదు. అందుచేత కొన్ని కీళ్లను బిగించి, మిగిలిన కొన్నింటితో పని జరుపుకుంటుంది. నేర్పు పెరిగినకొద్దీ ఒక్కొక్క కీలును వదులు చేస్తుంది. కాబట్టి మొదటివారంలో బిగుసుకున్న పిల్లవాణ్ణి కసరడం వృథా. అడుగును సులువు చేసి, వేగం తగ్గించి, చేతులను నడుముపై పెట్టిస్తే మెదడుకు లెక్క తగ్గుతుంది. బిగుపు దానంతట సడలుతుంది.

బెర్న్‌స్టైన్ 1920లలో కమ్మరుల సుత్తిదెబ్బలను ఛాయాచిత్రాలతో పరిశీలించినాడు. నిపుణుడైన కమ్మరి సుత్తి ప్రతిసారీ గురిగా ఒకేచోట పడుతున్నది. కాని భుజం, మోచేయి, మణికట్టు నడిచిన దారి ప్రతిసారీ కొద్దిగా వేరుగా ఉన్నది. అంటే నిపుణుడు ఒక కదలికను అచ్చుగుద్దినట్లు మళ్లీ మళ్లీ చేయడం లేదు. ఒక సమస్యను మళ్లీ మళ్లీ పరిష్కరిస్తున్నాడు. చిందు మేళానికి ఇది బాగా వర్తిస్తుంది. ఇవాళ ఒక ఊరిలో గట్టినేల, రేపు మరో ఊరిలో ఇసుక, ఎల్లుండి వాలు. ఒకచోట ప్రేక్షకులు మూడువైపుల, మరొకచోట నాలుగువైపుల. ఇన్ని నేలలు తొక్కిన కాలు ఏ నేలనైనా తొక్కగలదు. ఒకే గదిలో, ఒకే గళ్లబండలపై, ఒకే రికార్డుపాటకు నెల రోజులు ఆడిన బృందం ఉత్సవం నాడు వేదిక ఎక్కగానే తడబడడానికి కారణం సభాకంపం ఒక్కటే కాదు.

గిరకీల విషయంలో మాత్రం తొందర పనికిరాదు. చెవి లోపలి భాగంలో ఒక్కొక్కవైపు మూడు అర్ధవృత్తాకార కుల్యలున్నవి. వాటిలో ద్రవం ఉన్నది. తల తిరగడం మొదలైనప్పుడు ఆ ద్రవం జడత్వం వల్ల వెనుకబడుతుంది. తల ఆగినప్పుడు అది ఇంకా ముందుకు పోజూస్తుంది. గ్లాసులో నీరు పోసి, చుట్టూ త్రిప్పి, హఠాత్తుగా ఆపి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. అప్పుడు నిలబడిన మనిషికి కూడ లోకం తిరుగుతున్నట్లు తోస్తుంది. పాశ్చాత్య బాలే నర్తకులు దేహం తిరుగుతున్నా చూపును ఒక గురిపై నిలిపి, ఆఖరి క్షణాన తలను విసురుగా త్రిప్పి మళ్లీ అదే గురికి తెస్తారు. 2013లో లండను ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు అనుభవజ్ఞులైన బాలే నర్తకులను పరీక్షించి, ఏండ్ల అభ్యాసం వల్ల వారి మెదడు ఈ తిరుగుడు వార్తలను చాలావరకు పట్టించుకోవడం మానుకుంటుందని చూపినారు. ఏండ్ల పని రోజులలో కాదు. పిల్లలతో మొదట అర్ధ గిరకీ, తరువాత ఒకటి, మధ్యలో విశ్రాంతి – ఇంతే. భుజకీర్తుల వంటివి ధరించి తిరిగేటప్పుడు బరువు భ్రమణాక్షానికి దూరంగా ఉంటుంది. జడత్వ భ్రామకం హెచ్చుతుంది. తిరగడం మొదలుపెట్టడం కష్టం, మొదలైన తరువాత ఆపడం ఇంకా కష్టం.

మన పూర్వులు ఈ వరుసను బాగా ఎరిగినట్లే కనబడుతుంది. భరతుని నాట్యశాస్త్రంలో ఒక పాదపు నడకను చారి అని, రెండు పాదాల నడకను కరణం అని, వాటి కూర్పులను ఖండం, మండలం అని విభజించి చెప్పినారు. చారులు 32, వాటిలో 16 నేలపై నడిచేవి, 16 గాలిలో కాలు ఆడేవి. ఒక కాలు, తరువాత రెండు, తరువాత వాటి కూర్పు. చిన్న ముక్కలను ఒక్కొక్కటిగా అలవాటు చేసి, వాటిని కలిపి పెద్ద ముక్కగా మెదడుకు అప్పగించే పద్ధతి ఇది. ముక్క అలవాటైన తరువాత దానిని గురించి ఆలోచించనవసరం ఉండదు. ఆలోచన పాటకు, మాటకు, రసానికి మిగులుతుంది. యక్షగానంలో ఆడేవాడే పాడాలి గనుక ఈ మిగులు మరింత అవసరం. అడుగును లెక్కపెట్టుకుంటున్నవాడు దరువు పాడలేడు.

చిందు కుటుంబాలలో పిల్లలు ఇప్పుడు బడికి పోతున్నారు. పోవలసిందే, మేళంతో ఊరూరా తిరిగి చదువు పోగొట్టుకున్న తరాల బాధ చిన్నది కాదు. కాని తల్లి ఒడిలో మొదలై పదేండ్లు సాగే పాఠం అక్కడ తెగిపోతున్నది. జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించినారు. పురస్కారం వల్ల కళకు గౌరవం వస్తుంది. ఒక పిల్లవాని చీలమండకు తాళం రాదు. చిందు కళాకారులు ఇంకా ఉన్న ప్రాంతాలలో పాఠశాలలు వారిని ఉత్సవం రోజున ఒక ప్రదర్శనకు పిలిచి శాలువా కప్పడంతో ఆగకుండా, జూన్ నుండి వారానికి రెండు మూడు రోజులు అడుగులు నేర్పడానికి పిలిస్తే, కథలూ పాటలూ కాగితంపై దాచినా దాగని భాగం కాళ్లలో దాగుతుంది.

అట్టి ఏర్పాటు కుదరని చోట వ్యాయామ ఉపాధ్యాయుడు, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు కలిసి కొంత చేయవచ్చు. ఒకే రోజున మూడు గంటలకంటె ఆరు రోజులు అరగంట చొప్పున చేసిన అభ్యాసం ఎక్కువకాలం నిలుస్తుంది. నడుమ వచ్చే రాత్రి నిద్రలో కూడ నేర్చినది గట్టిపడుతుంది. మొదటివారం నిలబడడం, బరువును ఒక పాదం నుండి మరొక పాదానికి మార్చడం చాలు. రెండవవారం నిమిషానికి అరవై దెబ్బల విలంబకాలంలో నడక. తరువాత త్రిపుట. గంతులు ఆ పైన, అవి కూడ నాలుగైదు సెంటీమీటర్లకు మించకుండా. చేతులు అన్నింటికీ చివర. గజ్జెలు మాత్రం మొదటిరోజునుండే ఉండాలి. పిల్లలందరికీ పెద్ద గజ్జెలు కొనడం పాఠశాలకు భారమైతే, ఒక్కొక్క చీలమండకు గుడ్డపట్టీపై కుట్టిన నాలుగు చిరుమువ్వలు చాలు. అవి కూడ లేకుంటే ఎండిన దిరిసెన కాయ ఒకటి దారంతో కట్టినా అడుగు ఎప్పుడు పడిందో చెబుతుంది.